పాత షోర్ డ్యూరోమీటర్: సున్నా, వంద కుదిరితే చాలదు

రబ్బరు గట్టిదనం కొలిచే డ్యూరోమీటరు అరచేతిలో ఇమిడే ఇత్తడి, ఉక్కు పనితనం. పైన 0 నుంచి 100 దాకా గీతలున్న డయల్, అడుగున చదునైన ఉక్కు బిళ్ల, ఆ బిళ్ల మధ్య చిల్లులోంచి రెండున్నర మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చిన మొండి పిన్ను. రబ్బరు మీద అదిమితే ముల్లు కదిలి ఏ అరవై దగ్గరో ఆగుతుంది. అప్పుడు ఆ రబ్బరు ‘అరవై షోర్’ అంటారు. టైర్ల ఫ్యాక్టరీ నుంచి ఆయిల్ సీళ్ల షెడ్డు దాకా, రబ్బరుతో పనిచేసే చోటల్లా ఈ మాట వినబడుతుంది. అందులోని షోర్ ఒక మనిషి పేరు. ఆల్బర్ట్ ఎఫ్. షోర్ న్యూయార్క్‌లోని జమైకా ప్రాంతంలో ‘షోర్ ఇన్‌స్ట్రుమెంట్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ’ నడిపాడు. డ్యూరోమీటరుకు ముందే, 1907 ప్రాంతంలో, లోహాల కోసం స్క్లీరోస్కోప్ తయారుచేశాడు. అందులో వజ్రపు మొన ఉన్న చిన్న సుత్తి గాజు గొట్టంలో పై నుంచి పడి ఎంత ఎత్తుకు ఎగిరిందో చూస్తారు. రబ్బరుకు తగిన స్ప్రింగు పరికరం 1920ల నాటిది. రెండింటి మీదా షోర్ పేరే ఉండడంతో పాత సామాన్ల అంగళ్లలో ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాజు గొట్టం ఉంటే లోహానిది, డయలూ పిన్నూ ఉంటే రబ్బరుది.

ఇలాంటి పాత డయల్ డ్యూరోమీటరు చేతికొస్తే చాలామంది చేసే పరీక్ష ఒక్కటే. గాలిలో పట్టుకుంటే ముల్లు సున్నా మీద ఉందా, అద్దం పలక మీద అదిమితే వందకు వెళ్లిందా? రెండూ కుదిరితే ‘పరికరం బాగానే ఉంది’ అంటారు. ఈ పరీక్ష తప్పనిసరే, కానీ అది చెప్పేది పిన్ను పొడవు గురించి మాత్రమే. స్ప్రింగు సగం బలం కోల్పోయినా సున్నా సున్నాగానే ఉంటుంది, వంద వందగానే ఉంటుంది. ఎందుకో తెలియాలంటే పరికరం నిజానికి దేన్ని కొలుస్తుందో చూడాలి.

డయల్ మీది అంకె పిన్ను ఎంత వెనక్కి వెళ్లిందో చెప్పే అంకె, అంతే. పిన్ను పూర్తిగా బయట ఉంటే సున్నా. 2.5 మి.మీ. లోపలికి పోయి దాని మొన అడుగు బిళ్లతో సమమైతే వంద. అంటే ఒక్కో పాయింటుకు 0.025 మి.మీ., అంగుళంలో వెయ్యో వంతు. ఇంత చిన్న కదలికను లోపలి పళ్లచక్రాలో మీటలో పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. పిన్ను వెనక్కి పోతున్నకొద్దీ స్ప్రింగు దాన్ని ఇంకా గట్టిగా ముందుకు నెడుతుంది. మామూలు రబ్బరుకు వాడే ‘ఏ’ (A) స్కేలులో సున్నా దగ్గర స్ప్రింగు బలం 0.55 న్యూటన్లు, అంటే సుమారు 56 గ్రాముల బరువు. ఆ తర్వాత ప్రతి పాయింటుకు 0.075 న్యూటన్లు, సుమారు 7.65 గ్రాములు పెరుగుతూ వంద దగ్గర 8.05 న్యూటన్లకు, అంటే 821 గ్రాములకు చేరుతుంది. అదిమినప్పుడు ఒకవైపు స్ప్రింగు పిన్నును రబ్బరులోకి నెడుతుంది, రెండోవైపు రబ్బరు దాన్ని వెనక్కి తోస్తుంది. ఆ రెండూ సరితూగిన చోట ముల్లు ఆగుతుంది. కనుక రీడింగు రబ్బరు ఒక్కదాని గుణం కాదు. రబ్బరుకూ స్ప్రింగుకూ కుదిరిన ఒప్పందం అది. ఒప్పందంలో ఒక పక్షమైన స్ప్రింగును తూచి చూడకుండా రెండో పక్షం గురించి తీర్పు చెప్పలేం.

ఇక్కడే కొత్తవాళ్లు తడబడే విషయం ఒకటుంది. స్ప్రింగు అలసి బలం తగ్గితే రబ్బరు మెత్తగా కనబడుతుందని అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. బలం తగ్గిన స్ప్రింగు పిన్నును రబ్బరులోకి అంత లోతుగా దింపలేదు, పిన్ను ఎక్కువ వెనక్కి వస్తుంది, రీడింగు పెరుగుతుంది. అలసిన స్ప్రింగు రబ్బరును గట్టిదిగా చూపిస్తుంది. పిన్ను మొన అరిగిన పరికరం దీనికి వ్యతిరేకంగా నడుస్తుంది. పొడవు తగ్గిన పిన్ను ఎంత వెనక్కి వచ్చినా మునుపటంత దూరం రాదు కనుక రీడింగు పడిపోతుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత ప్రమాదకరమో తెలుస్తుంది. పిన్ను దిగే లోతుకు తగ్గట్టే రబ్బరు ఎదురుబలం పెరుగుతుందని అనుకుందాం. ‘ఏ’ స్కేలుకు ఈ ఊహ బాగానే పనికొస్తుంది. నిజంగా 60 ఉన్న రబ్బరు తీసుకుంటే, స్ప్రింగు బలం పది శాతం తగ్గిన పరికరం 62.6 చూపిస్తుంది. స్ప్రింగు బాగుండి పిన్ను 0.1 మి.మీ. అరిగిన పరికరం 57.5 చూపిస్తుంది. రెండు లోపాలూ ఒకే పరికరంలో ఉంటే? సరిగ్గా 60 చూపిస్తుంది. అదే పరికరాన్ని నిజంగా 90 ఉన్న రబ్బరు మీద పెడితే 87 అంటుంది, 30 ఉన్నదాని మీద 31 అంటుంది. పెట్టెలో వచ్చిన ఒకే ఒక 60 దిమ్మె (గట్టిదనం అంకె చెక్కిన పరీక్ష రబ్బరు ముక్క) మీద పెట్టి ‘ఓకే’ అనుకున్నవారికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. అద్దం పరీక్ష అరిగిన పిన్నును పట్టిస్తుంది, ఎందుకంటే 0.1 మి.మీ. అరిగితే ముల్లు 96 దగ్గరే ఆగిపోతుంది. స్ప్రింగును మాత్రం కాటా ఒక్కటే పట్టిస్తుంది. ఒక పరీక్ష చేసే పని ఇంకొకటి చేయదు.

పాత పరికరాన్ని పరిశీలించడం పిన్ను మొనతో మొదలుపెట్టాలి. పది రెట్ల భూతద్దం చాలు. ‘ఏ’ రకం పిన్ను 1.25 మి.మీ. లావున్న గట్టిపరచిన ఉక్కు కడ్డీ. చివర 35 డిగ్రీల శంఖువుగా సన్నబడి, మొన తెగ్గోసినట్టు చదునుగా ఉంటుంది. ఆ చదును వ్యాసం 0.79 మి.మీ. దాని అంచు వృత్తాకారంలో పదునుగా కనబడాలి. అంచు గుండ్రబడితే పిన్ను రబ్బరులోకి తేలిగ్గా దిగి రీడింగు తగ్గుతుంది. పొడవు తగ్గకుండా అంచు ఒక్కటే అరిగితే అద్దం పరీక్ష కూడా దాన్ని పట్టుకోలేదు, అందుకే కన్ను అవసరం. పిన్ను ఒక పక్కకు వంగి ఉంటే చిల్లు అంచుకు రాసుకుంటుంది. వేలితో మెల్లగా లోపలికి నొక్కి వదిలినప్పుడు గరగర తగిలినా, ముల్లు ఒక చోట తటపటాయించినా అనుమానించాలి.

డయల్ మీది అక్షరం చూడకుండా కొనకూడదు. ‘ఏ’, ‘సి’ రకాల పిన్నులు ఒకేలా ఉంటాయి, మొండి శంఖువే. కానీ సి రకం స్ప్రింగు బలం వంద దగ్గర 44.5 న్యూటన్లు, ‘ఏ’ రకానికి అయిదున్నర రెట్లు. అలాగే బి, డి రెండింటికీ 30 డిగ్రీల శంఖువు, 0.1 మి.మీ. వ్యాసార్ధంతో సూదిలాంటి మొన. బి రకానికి ‘ఏ’ స్ప్రింగు, డి రకానికి ‘సి’ స్ప్రింగు. ఓ రకానికి మొనలో 2.4 మి.మీ. గోళం ఉంటుంది. రబ్బరు పనికి తొంభై పాళ్లు కావలసింది ‘ఏ’. ఎబొనైటు లాంటి గట్టి రబ్బరుకు, ప్లాస్టిక్కులకు డి. డయల్ మీది అక్షరం చెరిగిపోతే మొన ఆకారం, కాటా మీది బరువు రెండూ కలిపి చూస్తేనే రకం తెలుస్తుంది.

స్ప్రింగును తూచడానికి కిలో దాకా తూగే, అర గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా చాలు. కష్టమల్లా పరికరాన్ని నిటారుగా, కదలకుండా దించడంలోనే. చేత్తో పట్టుకుంటే అంకె గంతులేస్తుంది. డ్రిల్ స్టాండు లాంటిదానికి బిగించి మెల్లగా దించాలి. కాటా పళ్లెం మీద 2.5 మి.మీ. ఎత్తు, 1.25 మి.మీ. లావున్న చిన్న ఉక్కు ముక్క నిలబెట్టి, దాని తల మీద పిన్ను మొన ఆనించాలి. ముక్క తలలో చిన్న గుంట ఉంటే మొన జారదు. ముక్క ఎందుకంటే, వంద దగ్గరికి వచ్చేసరికి అడుగు బిళ్ల పళ్లేన్ని తాకి బరువంతా దాని మీద పడుతుంది. ముక్క ఉంటే పిన్ను ఒక్కటే తాకుతుంది. ముక్క బరువును కాటాలో సున్నా చేసుకోవాలి. ఇక ముల్లును 20 దగ్గర ఆపితే కాటా సుమారు 209 గ్రాములు, 40 దగ్గర 362, 50 దగ్గర 438, 60 దగ్గర 515, 80 దగ్గర 668, 90 దగ్గర 744 చూపాలి. ఒక్కో చోట ఏడున్నర గ్రాముల తేడా దాకా అమెరికా ఏ.ఎస్.టి.ఎం. ప్రమాణం ఒప్పుకుంటుంది. హైదరాబాదులో గురుత్వం సుమారు 9.78, ప్రమాణ విలువ 9.81 కనుక లెక్క మారదా అని అడిగేవాళ్లుంటారు. 515 గ్రాముల దగ్గర తేడా ఒక గ్రాము పైచిలుకు. పాయింటులో సుమారు ఆరో వంతు. పట్టించుకోనక్కరలేదు.

ఒక్కసారి తూచి వదిలేస్తే సగం సమాచారమే వస్తుంది. ముల్లును 40 నుంచి పెంచుతూ 50 దగ్గర ఆపి బరువు రాసుకోవాలి. తర్వాత 60 దాకా తీసుకెళ్లి, మెల్లగా వెనక్కి వదులుతూ మళ్లీ 50 దగ్గర ఆపి రాసుకోవాలి. లోపలికి పోతున్నప్పుడు కాటా మీద పడేది స్ప్రింగు బలం, దానికి తోడు రాపిడి. బయటికి వస్తున్నప్పుడు స్ప్రింగు బలంలోంచి రాపిడి తీసివేయగా మిగిలింది. రెంటి సగటు స్ప్రింగు అసలు బలం, తేడాలో సగం రాపిడి. పెంచుతూ 446, దించుతూ 430 వస్తే సగటు 438. స్ప్రింగు నిక్షేపంలా ఉంది, రాపిడి మాత్రం ఎనిమిది గ్రాములు. అలాంటప్పుడు స్ప్రింగు జోలికి వెళ్లకూడదు, శుభ్రం చేయడమే మందు. కొలిచేటప్పుడు పిన్ను లోపలికే కదులుతుంది కనుక రాపిడి ఎప్పుడూ రీడింగును తగ్గిస్తుంది. అత్యధిక రీడింగును పట్టి ఉంచే రెండో ముల్లు ఉన్న పరికరాలు కొద్దిగా తక్కువ చూపించడానికీ కారణం ఇదే. మొదటి ముల్లు రెండోదాన్ని మోసుకుంటూ పోవాలి.

శుభ్రం చేయడం అంటే నూనె వేయడం కాదు. పాత పరికరాల్ని పాడుచేసిన వాటిలో మొదటి స్థానం మంచి మనసుతో వేసిన మిషన్ ఆయిల్ చుక్కదే. అది రబ్బరు పొడితో, టాల్కంతో, కార్బన్ నలుపుతో కలిసి జిగురవుతుంది, పిన్ను కదలిక బరువెక్కుతుంది. పైగా నూనె అంటిన మొన రబ్బరు పైపొరను ఉబ్బిస్తుంది. మెత్తటి బ్రష్షుతో చిల్లు చుట్టూ ఉన్న పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొద్దిగా అద్దిన నూలు చుట్టిన పుల్లతో పిన్నును తుడిచి, ఆరనిచ్చి పది ఇరవై సార్లు నొక్కి వదిలితే చాలావాటిలో రాపిడి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే గడియారాలు బాగుచేసే మనిషి చేతికి ఇవ్వడం మంచిది. వెనక మూత విప్పి కనబడిన మరను తిప్పడం మాత్రం వద్దు. ఆ మర స్ప్రింగు బిగింపుదైతే సున్నా దగ్గరి బలం మారిపోతుంది, తిరిగి కాటా లేకుండా సరిచేయలేం.

పరికరం బాగున్నా కొలిచే తీరు బాగాలేకపోతే అంకె అబద్ధమే. అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది మందం. నమూనా కనీసం 6 మి.మీ. ఉండాలి. మూడు మి.మీ. షీటును ఇనుప బల్ల మీద పెట్టి కొలిస్తే పిన్ను కింద బల్ల ఆనిక తగిలి రీడింగు పెరుగుతుంది. పలుచటి షీట్లను ఒకదానిపై ఒకటి పేర్చి 6 మి.మీ. చేయవచ్చు. కానీ పొరల మధ్య గాలి ఉంటుంది కనుక ఒకే ముక్క ఇచ్చిన రీడింగుతో అది కచ్చితంగా సరిపోదు. అంచు నుంచి 12 మి.మీ. లోపలికి, ఒక గుంటకూ ఇంకో గుంటకూ మధ్య 6 మి.మీ. ఎడం ఉండేలా అయిదు చోట్ల కొలిచి, మధ్యస్థ విలువ తీసుకోవాలి. ఉన్న చోటే మళ్లీ మళ్లీ నొక్కితే రబ్బరు అప్పటికే అణిగి ఉంటుంది, రీడింగు తగ్గుతూ పోతుంది.

తర్వాతిది సమయం. రబ్బరు మీద పరికరం పెట్టగానే ముల్లు ఒక అంకెకు ఎగిరి, ఆపై మెల్లగా కిందికి జారుతుంది. అది పరికరం తప్పు కాదు, రబ్బరు స్వభావం. పిన్ను బరువుకు రబ్బరు నెమ్మదిగా లొంగుతూ ఉంటుంది. సహజ రబ్బరు కాంపౌండులో జారుడు కొద్దిగానే ఉంటుంది. ఫిల్లర్ (కార్బన్ నలుపు లాంటి పొడి) దండిగా పోసినవాటిలో, వేడికి కరిగే థర్మోప్లాస్టిక్ రబ్బరులో కొన్ని పాయింట్లు దిగిపోతుంది. వెంటనే చదివిన మనిషి 65 అని, పదిహేను సెకన్లు ఆగి చదివిన మనిషి 61 అని రాస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. సరఫరా చేసినవారికీ కొన్నవారికీ వచ్చే తగాదాల్లో ఇదే ఎక్కువ. అందుకే అంతర్జాతీయ ప్రమాణం వల్కనైజ్ చేసిన (గంధకం లాంటిది కలిపి వేడితో గట్టిపరచిన) రబ్బరుకు 3 సెకన్లు, థర్మోప్లాస్టిక్ రబ్బరుకు 15 సెకన్లు అంటుంది. అమెరికా ఏ.ఎస్.టి.ఎం. డి 2240 పద్ధతిలో వల్కనైజ్ చేసిన రబ్బరుకు గట్టిగా ఆనిన ఒక్క సెకనులోపే చదవాలి. ‘ఏ/15:61’ అని సమయంతో కలిపి రాస్తే గొడవ ఉండదు. ఒట్టి ‘61 షోర్’ అన్న మాటలో ఏ స్కేలో, ఎన్ని సెకన్లో రెండూ కనబడవు.

చేతి ఒత్తిడి మరో తలనొప్పి. బిళ్ల రబ్బరును పూర్తిగా ఆనుకునేంత బలం కావాలి, అంతకుమించి వద్దు. ‘ఏ’ రకానికి ఒక కిలో బరువు, డి రకానికి అయిదు కిలోలు పెట్టే స్టాండు వాడమని ప్రమాణాలు చెబుతాయి. మెత్తటి రబ్బరు మీద బలంగా అదిమితే బిళ్ల కింద అణిగిన రబ్బరు చిల్లులోకి ఉబ్బి పిన్నును పైకి తోస్తుంది, రీడింగు పెరుగుతుంది. తక్కువ అదిమితే బిళ్ల ఒక అంచు తేలి ఉండి రీడింగు పడిపోతుంది. దబ్బున వేస్తే ముల్లు జడత్వంతో ముందుకు దూకుతుంది. పాత డయల్ పరికరాన్ని స్టాండుకు బిగించి నిటారుగా, మెల్లగా దించితే ఇద్దరు మనుషుల రీడింగుల మధ్య ఉండే తేడా బాగా తగ్గుతుంది. నిటారుగా అన్నది ఊరికే చెప్పిన మాట కాదు. పరికరాన్ని అడ్డంగా పట్టుకుంటే పిన్ను సొంత బరువు లెక్కలోంచి తప్పుకుంటుంది, నిటారుగా సరిచూసిన పరికరం అడ్డంగా అదే చెప్పదు.

ఉష్ణోగ్రత సంగతి మన దగ్గర మరీ ముఖ్యం. ప్రమాణం 23 డిగ్రీలు, రెండు అటూ ఇటూ. ఉష్ణ దేశాలకు 27 డిగ్రీలూ చెల్లుతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద నలభై దాటిన వేడిలో ఉన్న రబ్బరు మెత్తబడే ఉంటుంది. అచ్చులోంచి తీసిన ముక్కను వెంటనే కొలవడం ఇంకా పెద్ద తప్పు. క్యూరింగ్ (అచ్చులో వల్కనైజ్ చేయడం) అయ్యాక కనీసం 16 గంటలు ఆగాలి. వేడి చల్లారడానికి ఒక్కటే కాదు, రబ్బరు లోపలి కట్టుబడి కుదుటపడడానికి కూడా అంత సమయం పడుతుంది.

ఇంతకీ ఆ అంకెకు అర్థమేమిటి? 50 షోర్ రబ్బరు కంటే 100 షోర్ రెట్టింపు గట్టిదని కాదు. 1958లో రబ్బరు శాస్త్రవేత్త ఏ.ఎన్. జెంట్ స్ప్రింగు లెక్కనూ మొన ఆకారాన్నీ కలిపి షోర్ ‘ఏ’ అంకె నుంచి యంగ్స్ మాడ్యులస్ (పదార్థం బిగువును చెప్పే కొలత) కట్టే సూత్రం ఇచ్చాడు. అందులో 56 గ్రాములూ, పాయింటుకు 7.62 గ్రాములూ, పిన్ను నడక 2.54 మి.మీ. అని పాత పరికరం కొలతలే కనబడతాయి. ఆ సూత్రం ప్రకారం 40 షోర్ రబ్బరు మాడ్యులస్ సుమారు 1.7 మెగాపాస్కల్స్, 50 దగ్గర 2.5, 60 దగ్గర 3.6, 70 దగ్గర 5.5, 80 దగ్గర 9.4, 90 దగ్గర 21. నలభై నుంచి యాభైకి వెళ్తే ఒకటిన్నర రెట్లు కూడా పెరగని బిగువు, ఎనభై నుంచి తొంభైకి రెండింతలు దాటిపోతుంది. శాతం లెక్కన బిగువు అంచనా చూస్తే 90 దగ్గర ఒక్క పాయింటు తప్పు 40 దగ్గర సుమారు మూడు పాయింట్ల తప్పుతో సమానం. అందుకే ‘ఏ’ స్కేలును 20కి కిందా 90కి పైనా నమ్మకూడదు. 90 దాటితే డి స్కేలుకు మారాలి.

ఈ పై కొస సమస్య తెలుగు జిల్లాల్లో రోజూ ఎదురయ్యే చోటు రైస్ మిల్లు. మిర్యాలగూడలోనైనా తాడేపల్లిగూడెంలోనైనా రబ్బరు షెల్లరులో రెండు రోళ్లు వేర్వేరు వేగాలతో ఎదురెదురుగా తిరిగి వడ్ల పొట్టు ఊడదీస్తాయి. ఆ రబ్బరు సాధారణంగా 85 నుంచి 95 షోర్ ‘ఏ’ మధ్య ఉంటుంది. మెత్తనైతే త్వరగా అరుగుతుంది, మరీ గట్టిదైతే నూక పెరుగుతుంది. సరిగ్గా ఈ మేరలోనే పాత డ్యూరోమీటరు బలహీనంగా ఉంటుంది, పిన్ను అరుగుదల ఎక్కువ తప్పు తెస్తుంది. రోలు నడిచి వేడెక్కినప్పుడు కొలిస్తే ఒక అంకె, రాత్రంతా చల్లారాక ఇంకో అంకె. అరిగి సన్నబడిన రోలులో రబ్బరు మందం 6 మి.మీ. కంటే తగ్గితే కింది లోహపు డ్రమ్ము ఆనికతో రీడింగు పెరిగి, ‘పాతబడి గట్టిపడింది’ అన్న తప్పుడు తీర్మానానికి దారితీస్తుంది. రబ్బరు వయసుతో గట్టిపడడమూ నిజమే కనుక రెంటినీ విడదీయాలంటే మిగిలిన మందం కూడా పక్కన రాసుకోవాలి. గుండ్రటి రోలు మీద బిళ్ల అటూ ఇటూ ఊగకుండా, రోలు వెన్ను గీత మీద కచ్చితంగా నిలబెట్టాలి. కొద్దిగా ఊగించి చూస్తే ఎన్ని పాయింట్లు మారుతుందో అక్కడే తెలుస్తుంది.

పెద్ద రోళ్లకు ఈ ఊగిసలాట భరించలేకే వేరే పాత పరికరం పుట్టింది. డెలావేర్‌లోని విల్మింగ్‌టన్‌లో పడవలూ కాగితం మిల్లు యంత్రాలూ తయారుచేసిన ప్యూసీ అండ్ జోన్స్ కంపెనీ ప్లాస్టోమీటరు అది, వాడుకలో ‘పి అండ్ జె’. ఇందులో స్ప్రింగు లేదు. 3.2 మి.మీ. ఉక్కు గోళం మీద ఒక కిలో బరువు పెట్టి, ఒక నిమిషం తర్వాత గోళం ఎంత దిగిందో మి.మీ.లో వందో వంతుల్లో చదువుతారు. కనుక అంకె పెరిగితే రబ్బరు మెత్తన, షోర్‌కు పూర్తిగా తలకిందులు. పాత రోలు కాగితాల్లో ‘35’ అని ఒట్టి అంకె కనబడితే అది షోర్ 35 అని మెత్తటి రబ్బరు తెప్పించడం ఖరీదైన పొరపాటు. పి అండ్ జె 35 గట్టి రోలు. స్ప్రింగు అలసట అనే జబ్బు లేకపోవడం ఈ పరికరం గొప్పతనం. బరువు బరువే. బ్రిటన్ వైపు నుంచి వచ్చిన ఐ.ఆర్.హెచ్.డి. (రబ్బరు గట్టిదనపు అంతర్జాతీయ డిగ్రీలు) పద్ధతిదీ ఇదే దారి: 2.5 మి.మీ. గోళం, మొదట 0.3 న్యూటన్ల తాకిడి, ఆపై 5.4 న్యూటన్ల అదనపు బరువు, 30 సెకన్ల నిరీక్షణ. దాని స్కేలును షోర్ ‘ఏ’కు దగ్గరగా ఉండేలా కట్టారు. మధ్య మేరలో రెండూ కలుస్తాయి కానీ ఒకదాని బదులు ఇంకొకటి రాయకూడదు. భారతీయ ప్రమాణాల్లో వల్కనైజ్ చేసిన రబ్బరు గట్టిదనం ఐ.ఎస్. 3400 రెండో భాగంలో ఉంది.

పాత డ్యూరోమీటరును వాడుకలో ఉంచాలనుకునేవారు మూడు నుంచి అయిదు దిమ్మెలు, వేర్వేరు గట్టిదనాలవి, 30 చుట్టూ ఒకటి, 60 చుట్టూ ఒకటి, 85 చుట్టూ ఒకటి ఉండేలా చూసుకోవాలి. రబ్బరు దిమ్మెలు కూడా వయసుతో గట్టిపడతాయి. పాతికేళ్ల పెట్టెలో పరికరంతోపాటు వచ్చిన, అంకె చెక్కిన దిమ్మె అప్పటి అంకెనే ఇప్పటికీ చూపాలని ఆశించకూడదు. అది పరికరాన్ని సరిచూడదు, నిన్నటి రీడింగుకూ ఇవాళ్టి రీడింగుకూ తేడా ఉందా అన్నది మాత్రం చెబుతుంది. రోజుకోసారి దిమ్మెలు, వారానికోసారి అద్దం, ఏడాదికోసారి కాటా పెట్టుకుంటే చాలు. కింద పడిన రోజు మాత్రం మూడూ మళ్లీ చేయాలి. పెట్టెలో పెట్టేటప్పుడు పిన్ను దేనికీ ఆనకుండా, అంటే ముల్లు సున్నా మీదే ఉండేలా పెట్టాలి. నెలల తరబడి నొక్కిపట్టి ఉన్న స్ప్రింగు తన పాత బలానికి పూర్తిగా తిరిగి రాదు. రబ్బరు దిమ్మెలనూ పరికరాన్నీ ఒకే మూసిన పెట్టెలో ఉంచడం కూడా మంచిది కాదు. రబ్బరులోంచి వెలువడే గంధకపు ఆవిరి ఇత్తడి భాగాల్ని నల్లబరుస్తుంది. దిమ్మెలకు వేరే డబ్బా, ఎండా వెలుతురూ తగలని చోటు ఇవ్వాలి.